ఓటరు చేతిలోని త్రాసు

చదువవలసిన భాగములు: నెహెమ్యా 5:1-19; 1 సమూయేలు 8:1-18; 12:1-5; ద్వితీయోపదేశకాండము 25:13-16; లూకా 3:12-14.

పాఠోద్దేశము: ఏలుబడి కోరువాని నడతను, పన్నుల విషయమున అతడు చూపిన న్యాయమును ఒకే తూకపురాతితో తూచుట నేర్చుకొనుట.

సూరతు పట్టణములో లింబాయత్ మొదలగు పేటలలో మరమగ్గముల చప్పుడు నడుమ తెలుగుమాట వినబడును. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతములనుండి బ్రదుకుతెరువు వెదకికొనుచు వెళ్లిన పద్మశాలి కుటుంబములు అచ్చట తరములుగా నివసించుచున్నవి. వారి పిల్లల కొరకు అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడుపుచు వచ్చినది. ఎన్నికల కాలము వచ్చినప్పుడు ఇట్టి నేతకారుని గడపకు ఒకని వెంట ఒకడు అభ్యర్థులు వత్తురు. ఒకడు, "నేను పన్నుల భారము తగ్గింతును" అనును. మరియొకడు, "నా నడతను చూడుము, నా చేతులకు మచ్చ లేదు" అనును. మీటరు లెక్కన కూలి పుచ్చుకొను ఆ నేతకారుడు ఎవని మాట నమ్మవలెను? దేనిని ముందు తూచవలెను? ఈ పాఠమునందు మనము విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

ఒక సంగతి మొదటనే తెలిసికొనుట మంచిది. అమెరికా దేశమునందు రాష్ట్ర గవర్నరును ప్రజలే ఓటు వేసి ఎన్నుకొందురు. మన దేశములో అట్లు కాదు. రాజ్యాంగము 155వ అధికరణము ప్రకారము గవర్నరును రాష్ట్రపతి నియమించును. మన ఓటు శాసనసభ్యునికి చెందును. శాసనసభలో అధిక సంఖ్యాకుల మద్దతు గలవాడు ముఖ్యమంత్రి యగును. కనుక రాష్ట్రమును ఎవరు ఏలవలెనను ప్రశ్నకు మనమిచ్చు జవాబు మన నియోజకవర్గపు అభ్యర్థి ద్వారానే వెళ్లును. అతని గూర్చి విచారించుట చిన్న పని కాదు.

1. నెహెమ్యా అప్పగించిన లెక్క

పరిశుద్ధ గ్రంథములో ఒక అధిపతి తన పదవీకాలపు లెక్కను తానే వ్రాసి ఉంచెను. నెహెమ్యా యూదా దేశమునకు అధికారిగా వచ్చినప్పుడు బీదల మొర అతని చెవిని బడెను. రాజునకు చెల్లింపవలసిన పన్ను కొరకు వారు పొలములను కుదువపెట్టి అప్పు చేసిరి. కొందరి కుమార్తెలు అప్పటికే దాస్యములో ఉండిరి. అప్పిచ్చినవారు అన్యులు కారు, స్వజనులే.

నెహెమ్యా ఏమి చేసెనో జాగ్రత్తగా గమనింపుడి. అర్తహషస్త రాజు విధించిన పన్నును రద్దు చేయుదునని అతడు వాగ్దానము చేయలేదు. అది అతని చేతిలో లేని పని. అయితే తన చేతిలో ఉన్న పనులు మూడు చేసెను. ప్రధానులను, అధికారులను ఎదుట నిలువబెట్టి వడ్డీని, కుదువ సొమ్మును తిరిగి ఇప్పించెను. తానును తన బంధువులును ఇచ్చిన అప్పుల సంగతి దాచక, ఆ విడుదలలో తన్ను కూడ చేర్చుకొనెను. అధిపతికి రావలసిన భోజనభత్యమును పండ్రెండు సంవత్సరములు ముట్టకుండెను. అతనికి ముందుండిన అధిపతులు ఆహార ద్రాక్షారసములు గాక నలువది తులముల వెండిని సైతము ప్రజలయొద్ద పుచ్చుకొనిరి. వారి పనివారు సహా జనులమీద పెత్తనము చేసిరి. నెహెమ్యా మాత్రము పదవిలో నుండగా ఒక పొలమైనను సంపాదింపలేదు.

ఇచ్చట నీతి యొక సంగతి, పన్ను మరియొక సంగతి అని వేరుపరచుటకు వీలులేదు. దైవభయము గలవాడు గనుకనే అతడు ప్రజలమీద భారము మోపలేదని ఆ అధ్యాయమే కారణము చెప్పుచున్నది. నీతిని ఒక పళ్లెములోను, పన్నును రెండవ పళ్లెములోను పెట్టి ఏది బరువని చూచుట పొరపాటు. ఆ రెండును ఒకే పళ్లెములోనివి.

2. ఓటు లేనివారు చెల్లించిన వెల

సూరతు నేల ఈ పాఠమును ఎరిగిన నేల. 1844లో కంపెనీ ప్రభుత్వము ఉప్పుపై పన్నును మణుగుకు ఎనిమిది అణాలనుండి ఒక రూపాయికి పెంచగా సూరతు జనులు తిరుగబడిరి. ప్రభుత్వము దానిని పండ్రెండు అణాలకు దించవలసివచ్చెను. 1928లో ఆ జిల్లాలోని బార్డోలీ తాలూకాలో భూమిశిస్తును సుమారు 22 శాతము పెంచినప్పుడు వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు దానిని కట్టుటకు నిరాకరించిరి. వారి పశువులను జప్తు చేసిరి, భూములను వేలము వేసిరి. అయినను వారు చేయి ఎత్తలేదు. తుదకు బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్ అను ఇద్దరు అధికారులు విచారణ జరిపి, ఆ పెంపుదల న్యాయము కాదని తేల్చి, దానిని సుమారు 6 శాతమునకు తగ్గించిరి.

ఆ రైతులలో అనేకులకు ఓటు లేదు. పన్ను న్యాయమైనదా కాదా అని అడుగుటకు వారు తమ గేదెలను, పొలములను ఒడ్డవలసివచ్చెను. నేడు అదే ప్రశ్న అడుగుటకు మనకు ఒక దినపు ఉదయము చాలును. ఇంత చవుకగా లభించిన దానిని అంత చవుకగానే వాడుట తగునా?

3. అభ్యర్థి చేతిలో ఉన్నది, లేనిది

2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చెను. గుడ్డపై 5 శాతము, కృత్రిమ నూలుపై 18 శాతము విధింపబడెను. నూలు కొనునప్పుడు ఎక్కువ పన్ను కట్టి, గుడ్డ అమ్మునప్పుడు తక్కువ పన్ను వసూలు చేసికొను నేతదారునికి ఆ తేడా చేతికి రాక నిలిచిపోయెను. పన్ను లెక్కలు దాఖలు చేయు అలవాటు లేని చిన్న వ్యాపారులు కలవరపడిరి. ఆ జూలైలో సూరతు బట్టల బజారులు దినముల తరబడి మూతపడెను. బజారు మూతపడిన దినమున మొదట కూలి పోయినది మగ్గము నడుపువానికే. అక్టోబరులో నూలుపై పన్ను 12 శాతమునకు తగ్గెను. నిలిచిపోయిన తేడాను తిరిగి పొందుటకు 2018లో వీలు కల్పింపబడెను.

2017 డిసెంబరు 9వ తేదీన సూరతు ఓటర్లు శాసనసభకు ఓటు వేసిరి. పన్నుపై కోపము ఫలితమును తారుమారు చేయునని అనేకులు తలంచిరి. కాని పాలక పక్షమైన భారతీయ జనతా పార్టీయే జిల్లాలోని 16 స్థానములలో 15 గెలిచెను. రాష్ట్రమంతటిలో ఆ పార్టీకి 182 స్థానములలో 99, కాంగ్రెసుకు 77 వచ్చెను. ఆ ఓటర్లు చేసినది ఒప్పా తప్పా అని తీర్పు చెప్పుట మన పని కాదు. ఒక భారము వారిని బాధించినను వారు ఆ ఒక్క దానినే తూచలేదని మాత్రము ఆ ఫలితము తెలుపుచున్నది.

మనము నేర్చుకొనవలసినది వేరొకటి గలదు. ఈ పన్ను రేట్లను నిశ్చయించునది ఒక శాసనసభ్యుడు కాడు, ఒక రాష్ట్రము కూడ కాదు. కేంద్ర ఆర్థికమంత్రియు రాష్ట్రముల మంత్రులును కూడిన మండలి వాటిని సిఫారసు చేయును. ఓటింగు జరిగినచో కేంద్రమునకు మూడవవంతు, రాష్ట్రములన్నిటికి కలిపి మూడింట రెండు వంతుల విలువ యుండును. నిర్ణయమునకు నాలుగింట మూడు వంతుల బలము కావలెను. కనుక "నన్ను గెలిపించినచో ఈ పన్ను తీసివేతును" అనువాడు తన చేతిలో లేనిదానిని వాగ్దానము చేయుచున్నాడు. "మండలిలో మన రాష్ట్రపు గొంతు ఏమి పలుకవలెనో దాని కొరకు పాటుపడెదను" అనువాడు నిజమునకు దగ్గరగా నున్నాడు.

అట్టి ప్రయత్నము వ్యర్థము కాదు. 2022 జనవరి 1వ తేదీనుండి గుడ్డపై పన్నును 12 శాతము చేయుటకు నిర్ణయము జరిగియుండగా, సూరతు మొదలగు చోట్లనుండి అభ్యంతరములు లేచినందున 2021 డిసెంబరు 31న ఆ పెంపుదలను నిలిపివేసిరి. 2025 సెప్టెంబరు 22నుండి కృత్రిమ నూలుపై పన్ను కూడ 5 శాతమునకు దిగెను. గత కాలములో అభ్యర్థి ఆ చర్చలలో ఏమి మాటలాడెను, ఎప్పుడు మౌనముగా నుండెను అని అడుగుట న్యాయమైన ప్రశ్న.

4. మద్యము: నీతియు పన్నును కలిసికొను చోటు

నీతి విషయమును, పన్ను విషయమును విడదీయలేని స్థలము ఒకటున్నది. అది మద్యము. త్రాగు మద్యము వస్తుసేవల పన్నులో చేరలేదు. దానిపై పన్ను వేయుట, దానిని అనుమతించుట, నిషేధించుట రాష్ట్రము చేతిలోనివి. ఇచ్చట ఏ అభ్యర్థియు "ఇది నా చేతిలో లేదు" అని తప్పించుకొనలేడు.

గుజరాతు రాష్ట్రము 1960లో ఏర్పడిన నాటినుండి మద్యనిషేధము అచ్చట చట్టమై యున్నది. అయినను 2009 జూలైలో అహమ్మదాబాదులో కల్తీసారా త్రాగి నూరుమందికి పైగా మరణించిరి. 2022 జూలైలో బోటాద్ ప్రాంతమున నలువదిమందికి పైగా మరణించిరి. చచ్చినవారిలో ఎక్కువమంది దినకూలీలే. కనుక అట్టి రాష్ట్రమునందు, "మీరు నిషేధమునకు అనుకూలమా?" అని అడిగినంతమాత్రమున చాలదు. "చట్టము కాగితముపై నున్నది, సారా వీధిలో నున్నది, మీ కాలములో దానికి మీరేమి చేసితిరి?" అని అడుగవలెను.

మన తెలుగునాట కథ మరియొక విధముగా నడచెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు, అక్షరాస్యతా కార్యక్రమములో చదువు నేర్చుకొనుచున్నవారు, సారా దుకాణమును ఎదిరించి నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1994 ఎన్నికలలో నందమూరి తారకరామారావు సంపూర్ణ మద్యనిషేధమును వాగ్దానము చేసి గెలిచి, 1995 జనవరిలో దానిని అమలుపరచెను. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వము దానిని సడలించెను. ఖజానాకు కలిగిన లోటు, దొంగరవాణా అందుకు చెప్పబడిన కారణములు.

ఈ చరిత్రనుండి ఓటరు రెండు ప్రశ్నలు నేర్చుకొనవచ్చును. మద్యమును మాన్పింతునను అభ్యర్థిని, "ఆ ఆదాయము పోయిన చోట ఏ పన్ను వేయుదువు? అది ఎవరిమీద పడును?" అని అడుగవలెను. మద్యపు ఆదాయము తప్పదనువానిని, "ఈ సొమ్ము ఎవరి ఇంటి కుండలోనుండి వచ్చుచున్నది?" అని అడుగవలెను. రెండవ ప్రశ్నకు దూబగుంట స్త్రీలు తమ జీవితముల ద్వారా జవాబు చెప్పిరి. మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధపరచుకొనని వాగ్దానము ఎక్కువ కాలము నిలువలేదు.

5. నడతను ఎట్లు తెలిసికొనవలెను?

సమూయేలు వృద్ధుడైనప్పుడు జనులయెదుట నిలిచి, తాను ఎవని ఎద్దునైనను గాడిదనైనను పట్టుకొంటినా, ఎవనియొద్దనైనను లంచము పుచ్చుకొంటినా చెప్పుడని అడిగెను. ఇట్టి లెక్కను మనయెదుట కూడ ఉంచవలెనని మన దేశపు సుప్రీంకోర్టు 2002లోను, మరల 2003లోను తీర్పు చెప్పెను. ఆ తీర్పుల ఫలితముగా ప్రతి అభ్యర్థియు నామినేషనుతోపాటు ప్రమాణపత్రము దాఖలు చేయవలెను. అందులో అతనిపైనున్న క్రిమినలు కేసులు, అతనికిని అతని భార్యకును ఆశ్రితులకును గల ఆస్తులు, అప్పులు, చదువు, ప్రభుత్వమునకు చెల్లింపవలసిన బకాయీలు ఉండును. ఎవరైనను దానిని చూడవచ్చును; ఎన్నికల సంఘము దానిని ప్రకటించును.

దానిని చదువునప్పుడు మూడు సంగతులు మరువరాదు. మొదటిది, గత ఎన్నికల పత్రమును ఈ ఎన్నికల పత్రముతో పోల్చి చూడుడి. పదవిలో పొలము సంపాదింపని నెహెమ్యాను జ్ఞాపకము చేసికొనుడి. రెండవది, ఇతరులపై పన్ను వేయగోరువాడు తన బకాయీలు చెల్లించెనా అని చూడుడి. మూడవది, కేసు ఉండుట వేరు, నేరము రుజువగుట వేరు. పుకారును చేతబట్టి పొరుగువానిని దోషిగా ఎంచుట దేవుడు నిషేధించిన పాపము (నిర్గమకాండము 23:1). మొదట పలికినవాని మాట న్యాయముగా కనబడినను రెండవవాని మాట వినువరకు తీర్పు తీర్చరాదు (సామెతలు 18:17).

6. సంచిలో రెండు తూకపురాళ్లు

కొనుటకు పెద్దదియు అమ్ముటకు చిన్నదియు అయిన రెండు రాళ్లను ఒకే సంచిలో ఉంచుకొనరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. ఇది వర్తకునికి మాత్రమే కాదు, ఓటరుకును వర్తించును. మన కులపువాడు, మన భాషవాడు, మన సంఘపువాడు తప్పు చేసినప్పుడు చిన్న రాయి. ఎదుటివాడు చేసినప్పుడు పెద్ద రాయి తీయుచున్నామా? ఒకని త్రాగుడును దూషించి వేరొకని లంచమును క్షమించుచున్నామా?

అభ్యర్థి సొంత నడత మంచిదైనంతమాత్రమున చాలునా? చాలదు. త్రాగని, లంచము పట్టని అధిపతి బీదల పొలములు కుదువలోనికి పోవుచుండగా చూచుచు ఊరకుండినయెడల అతని నీతి సగము నీతియే. పన్ను తగ్గించువాడైనచో నడత ఎట్టిదైనను ఫరవాలేదా? అదియు సరికాదు. యిత్రో మోషేకిచ్చిన ఆలోచనలో సత్యమును, లంచమును అసహ్యించుకొను మనస్సును సామర్థ్యముతోపాటు కోరెను (నిర్గమకాండము 18:21). సత్యము లేనివాని పన్ను వాగ్దానము మాత్రము ఎట్లు నిలుచును?

కోపముతో తూచువారికి ఒక హెచ్చరిక గలదు. సమూయేలు కుమారులు లంచములు పుచ్చుకొనిరి. జనుల ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ఆ కోపములో వారు రాజును కోరుకొనగా, ఆ రాజు ధాన్యములోను మందలోను పదియవ భాగము తీసికొనునని సమూయేలు ముందే చెప్పెను. పాతవాని తప్పును చూచి క్రొత్తవానిని విచారింపక తెచ్చుకొనినవారు, వదలించుకొనిన భారముకంటె పెద్ద భారమును నెత్తికెత్తుకొనవచ్చును.

కొన్నిసార్లు ఏ అభ్యర్థియు తూకమునకు సరిపోడు. అప్పుడు నమ్మకమైన ఇద్దరు విశ్వాసులు రెండు విధములుగా ఓటు వేయవచ్చును. అందునుబట్టి ఒకరి విశ్వాసమును ఒకరు శంకింపరాదు.

7. త్రాసు పట్టుకొనిన చేయి

తుదకు మన చేతిని గూర్చి యోచింతము. సుంకరులు బాప్తిస్మమునకు వచ్చినప్పుడు యోహాను వారిని ఆ పని మానుడని చెప్పలేదు. నియమించినదానికంటె ఎక్కువ తీయవద్దనెను. పన్ను తీయువానికి నిజాయితీ కావలెను, కట్టువానికిని కావలెను (రోమా 13:7). బిల్లు లేకుండ సరకు అమ్ముచు అభ్యర్థి నిజాయితీని గూర్చి ఉపన్యసించువాడు తన మాటచేతనే తీర్పు పొందును.

ఓటు కొరకు నోటు పుచ్చుకొనుట 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునుబట్టి అవినీతి చర్యలోని భాగము. తనకు న్యాయముగా రావలసిన భత్యమునే నెహెమ్యా విడిచిపెట్టెను; మనకు న్యాయముగా రానిదానిని మనము పుచ్చుకొందుమా? పుచ్చుకొనినవాడు, "నా పన్ను సొమ్ము ఏమి చేసితివి?" అని తరువాత అడుగు ధైర్యమును అమ్ముకొనినవాడే.

వలస వెళ్లిన తెలుగువారికి ఒక మాట. సామాన్యముగా ఎచ్చట నివసింతుమో అచ్చటనే ఓటరుగా నమోదగుట చట్టము. సొంత ఊరిలో ఒకటి, సూరతులో ఒకటి పేర్లు ఉంచుకొనుట రెండు రాళ్లు ఉంచుకొనుటయే. పోలింగు దినమున కూలి కోత లేకుండ సెలవు ఇవ్వవలెనని కూడ చట్టమున్నది. దినకూలికిని అది వర్తించును. దీనిని ఎరుగని తోటి నేతకారునికి తెలుపుట ప్రేమగల పని.

2024 లోకసభ ఎన్నికలలో సూరతు నియోజకవర్గమున పోలింగే జరుగలేదు. కాంగ్రెసు అభ్యర్థి నామినేషను ప్రతిపాదకుల సంతకముల వివాదమువలన తిరస్కరింపబడెను, మిగిలినవారు ఉపసంహరించుకొనిరి, ఏప్రిలు 22న భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీలేకుండ ఎన్నికైనట్లు ప్రకటించిరి. త్రాసు చేతిలో నుండియు ఆ సంవత్సరము ఆ ఓటర్లకు తూచు అవకాశము దొరకలేదు. ఓటు ప్రతిసారి తప్పక లభించునది కాదని ఎరిగి, లభించిన దినమున దానిని భయభక్తులతో వాడుకొందము.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. నెహెమ్యా తన చేతిలో లేని పన్నును, తన చేతిలో ఉన్న భత్యమును ఏ విధముగా వేరుగా చూచెను?

2. మీ నియోజకవర్గపు అభ్యర్థి చేసిన వాగ్దానములలో ఏవి అతని అధికారములోనివి, ఏవి కావు?

3. మీకు ఇష్టమైన అభ్యర్థిని, ఇష్టము కాని అభ్యర్థిని ఒకే రాతితో తూచితిరా?

4. మీ అంగడి లెక్క, మీ పన్ను లెక్క సమూయేలువలె జనులయెదుట పెట్టదగినవేనా?

ప్రార్థనాంశము: ఏలువారికి దైవభయము కలుగునట్లును, మనకు తప్పు తూకములేని మనస్సు కలుగునట్లును ప్రార్థింపుడి.